అత్తయ్య మతిమరుపు, మా ఇంట్లో వంతులు: నా అనుభవం

మా అత్తయ్యకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని తేలాక నాకు దొరికిన సలహా అందరి దగ్గరా ఒకటే. ఓపిక పట్టమ్మా, పెద్దావిడ, నీకే పుణ్యం. చెప్పినవాళ్ళు టీ తాగి లేచి వెళ్ళిపోయేవారు. వాళ్ళని సాగనంపి వెనక్కి చూసేసరికి ఈవిడ పెరటి తలుపు తీసుకుని ఎటో వెళ్ళిపోయి ఉండేది, నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తేదాన్ని. ఓపికకేం, నాకు బాగానే ఉంది. లేనిదల్లా ఈ జబ్బు మనిషితో ఎలా మెలగాలో చెప్పేవాళ్ళు, నా చోట కాసేపు కూర్చునేవాళ్ళు. వాళ్ళని ఎలా సంపాదించుకున్నానో రాస్తున్నాను, మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయని ఇప్పుడు తెలుసు కాబట్టి.

మాది పొందూరు. అత్తయ్య పుట్టిల్లు సిగడాం వైపు ఒక పల్లె. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడది పత్తి పనే. పొందూరు ఖద్దరు గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, ఏకులు చేసి, రాట్నం మీద సన్న నూలు వడుకుతారు. మామయ్య పోయాక ఇద్దరు కొడుకుల్నీ కూతుర్నీ ఆ చేతులతోనే పెంచింది. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ, మరిది హైదరాబాదులో, ఆడపడుచు రాజాంలో. అంటే పగలూ రాత్రీ అత్తయ్య దగ్గర ఉండేది నేనే. పిల్లల చదువులు, వంట, షిఫ్టుని బట్టి మారే మా ఆయన క్యారియరు అన్నీ దాంతో పాటే.

జబ్బు ఎప్పుడు మొదలైందో ఇదమిత్థంగా చెప్పలేను. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. పాలవాడికి డబ్బులిచ్చి, సాయంత్రం మళ్ళీ పిలిచి ఇచ్చేది. తరవాత తరవాత మామయ్యకి అన్నం తీసి పెట్టావా అని అడగడం మొదలుపెట్టింది. దగ్గర్లో చూపించిన డాక్టరు వయసు కదమ్మా అని నిద్రమాత్ర రాశారు. ఆ మాత్రకి నిద్ర సంగతేమో గానీ, మత్తులో లేచి అరుగు మీంచి పడింది. ఎముక విరగలేదు, అదే అదృష్టం. ఆ దెబ్బకి మా ఆయన సెలవు పెట్టాడు, పొందూరు స్టేషన్లో పాసింజరు ఎక్కి విశాఖ వెళ్ళి ప్రభుత్వాసుపత్రిలో మెదడు, నరాల డాక్టరుకి చూపించాం.

అక్కడ చూసిన పద్ధతి నాకు నచ్చింది. చదువు రాని మనిషి కాబట్టి రాయమని, గీయమని అడగలేదు. ఇది ఏ నెలమ్మా అన్నారు. మా అత్తయ్య ఏమాత్రం తడుముకోకుండా, "ఏ నెలయితే ఏటి బాబూ, పింఛనొచ్చిందా నేదా?" అంది. గదిలో అందరం నవ్వాం, డాక్టరుగారు కూడా నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నారు. జవాబు తెలియనప్పుడు ఇలా మాట తప్పించడం ఈ జబ్బులో మామూలేనట, బయటివాళ్ళు అందుకే పోల్చుకోలేరట. మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడిగితే ఒక్కటీ గుర్తు లేదు. చిల్లర లెక్కపెట్టమంటే చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఆ తరవాత ప్రశ్నలన్నీ నాకే. ఇంతకుముందు సొంతంగా చేసుకునే పనుల్లో ఇప్పుడు ఏవి చేసుకోలేకపోతోంది, ఎన్నాళ్ళుగా, ఒక్కసారిగా వచ్చిందా మెల్లగా వచ్చిందా, దారి తప్పిందా. అత్తయ్య జబ్బు గురించి నా నోటి మాటకి విలువిచ్చి రాసుకున్న మొదటి మనిషి ఆయనే.

థైరాయిడ్, బీ12 రక్త పరీక్షలు, తలకి స్కాన్ రాశారు. మతిమరుపు కనిపించగానే అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) అని ఖాయం చేసుకోకూడదట. థైరాయిడ్ తగ్గినా, బీ12 లోపించినా, కింద పడి తలలో నెత్తురు గడ్డకట్టినా, మనసు బాగా దిగులుపడిపోయినా మనిషి ఇలాగే కనిపించొచ్చు, వాటికి వైద్యం ఉంది. మా అత్తయ్యకి బీ12 కొంచెం తక్కువ ఉంది, ఇంజెక్షన్లు చేయించాం, నీరసం తగ్గింది గానీ మరుపు తగ్గలేదు. చివరికి అల్జీమర్స్ అన్నారు. డోనెపెజిల్ అనే మాత్ర రాత్రిపూట. ఇది జబ్బుని పోగొట్టదు, కొందరిలో కొన్నాళ్ళు కాస్త నిలబెడుతుంది, మొదట్లో కడుపులో తిప్పినా విరేచనాలయినా చెప్పండి అన్నారు. మందు పని పావలా, ఇంట్లోవాళ్ళ పని ముప్పావలా అని కూడా అన్నారు. ఆ ముప్పావలా పని ఎలా చెయ్యాలో అడుగుదామంటే వెనక లైను గుమ్మం దాటి ఉంది.

మా ఊళ్ళో ఎవరికీ లేని జబ్బు మా ఇంటికే వచ్చిందని అప్పట్లో నాకో బాధ. తరవాత తెలిసింది, మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 7 మందికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో లెక్కగట్టారట. ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఆ లెక్కన మా వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఉన్నారు కూడా, కాకపోతే వాళ్ళకి చాదస్తం అని పేరు పెట్టి వదిలేశారు.

నేర్పిన పుణ్యం మా ఆడపడుచు కూతురిది. బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఇలాంటి రోగుల్ని ఇంట్లో చూసుకునేవాళ్ళ కోసమే ఐసపోర్ట్ అని ఒక పాఠాల పుస్తకం పెట్టారు, 2019లో వచ్చింది, డబ్బులు కట్టక్కర్లేదు. ఆ పిల్ల అది దింపుకుని, ఇంగ్లీషులో చదివి, రాత్రిళ్ళు వీడియో కాల్లో నాకు తెలుగులో చెప్పేది. జబ్బంటే ఏమిటి, చూసుకునేవాళ్ళ పని ఏమిటి, చూసుకునేవాళ్ళు తమని తాము ఎలా చూసుకోవాలి, రోజువారీ సేవ, ప్రవర్తనలో మార్పులు, ఇలా ఐదు భాగాలు. మూడోది వచ్చినప్పుడు నేను నవ్వాను. "అత్తా, దీన్ని నువ్వు నమ్మకపోయినా సరే, ముందు మిగతావి వినేయ్" అంది. సరే అన్నాను.

మొట్టమొదట మా ఇంట్లో మారింది కమ్మల గొడవ. అత్తయ్య తన చెవి కమ్మలు తీసి ఎక్కడో దాచేది, దాచానన్న సంగతి మరిచిపోయేది, ఇక నేనే దొంగని. "నా కమ్మలు ఏటి సేసావే? నీ అమ్మగారింటికి పంపించేసావు కదా?" వీధి వీధంతా వినేది. నేను తీయలేదని ఒట్లు పెట్టుకునేకొద్దీ గొంతు పెరిగేది. పాఠంలో చెప్పింది ఏమిటంటే, ఆవిడ మనసులో దొంగతనం నిజంగానే జరిగింది, దాని మీద వాదనకి దిగితే ఎప్పటికీ తేలదు. కాబట్టి అయ్యో కమ్మలు పోయాయా, పదండి అత్తయ్యా ఇద్దరం వెతుకుదాం అనాలి. అనడం మొదలుపెట్టాను. చెయ్యి పట్టుకుని బియ్యం డబ్బా, దిండు గలీబు, పాత చీరల మూట వెతికేసరికి సగంసార్లు కమ్మలు దొరికేవి, సగంసార్లు ఏం వెతుకుతున్నామో ఆవిడే మరిచిపోయేది. ఆ తరవాత సంతలో అచ్చం అలాంటివే గిల్టువి రెండు జతలు కొనేసి, బంగారువి బీరువాలో పెట్టేశాం. ఇప్పుడు ఏ జత పోయినా నాకు టెన్షన్ లేదు.

స్నానం ఇంకా కష్టంగా ఉండేది. బాత్‌రూములోకి తీసుకెళ్ళి చీర విప్పబోతే గోళ్ళతో రక్కేది, బూతులు తిట్టేది, జన్మలో ఆవిడ నోట వినని బూతులు. ఒక రోజు మా ఆడపడుచు కూతురు అడిగింది, అమ్మమ్మ చిన్నప్పుడు ఎక్కడ స్నానం చేసేదత్తా అని. చెరువులో. చెరువులో ఆడవాళ్ళు ఒంటి మీద బట్టతోనే కదా స్నానం చేస్తారు. నాలుగు గోడల మధ్య దీపం కింద ఎవరో బట్టలు లాగుతుంటే ఏ ఆడమనిషి ఊరుకుంటుంది? అప్పట్నుంచి లంగా గుండెల మీదికి కట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు పాదాల మీద గోరువెచ్చని నీళ్ళు పోసి, చెంబు ఆవిడ చేతికే ఇస్తున్నాను. వీపు నేను రుద్దుతాను, మిగతాది బట్ట మీంచే. తడిబట్ట తీసేముందు పైన పొడిచీర కప్పేస్తాను. ఆవిడ మానం ఆవిడకి ఉంటుంది, నా చెయ్యి నాకు మిగులుతుంది. రోజూ తలంటక్కర్లేదు, అసలు రోజూ స్నానమే అక్కర్లేదు అని కూడా చెప్పారు. ఇది మాత్రం మా ఆడపడుచుకి ఇప్పటికీ మింగుడుపడదు.

సాయంత్రాలు వేరే కథ. పొద్దు వాలుతుంటే కంగారు మొదలవుతుంది, "ఇంటికి ఎలిపోదాం రాయే, మాయమ్మ సూస్తాది" అంటుంది. ఇదే మన ఇల్లు అని నచ్చజెప్పడం మానేశాను. అలాగే, చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరదాం అంటాను. చీకటి పడకముందే ఇంట్లో అన్ని లైట్లూ వేసేస్తాను, నీడలు పడితే భయం ఎక్కువవుతుందట. పుట్టింటికనే కాబోలు, ఒకసారి రైలు స్టేషన్ దాకా వెళ్ళిపోయింది, అదృష్టం బాగుండి తెలిసిన ఆటో అబ్బాయి చూశాడు. ఆ మర్నాడే వడ్రంగిని పిలిచి తలుపులకి పైన, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో గొళ్ళేలు వేయించాం. అలవాటైన చోట గొళ్ళెం కనిపించకపోతే ఆవిడ పైకి వెతకదు. ఒంటరిగా ఉంచి మాత్రం ఎప్పుడూ గొళ్ళెం పెట్టకూడదు, ఏ గ్యాసో లీకయితే అంతే సంగతులు. ప్రతి జాకెట్టు లోపలా ఫోన్ నంబరు రాసిన గుడ్డపేలిక కుట్టాను. టీ కొట్టువాళ్ళకి, ఆటో స్టాండులో, స్టేషన్లో ఫొటో చూపించి విషయం చెప్పాం. పరువు పోతుందని మా ఆయన మొదట నసిగాడు గానీ, చెప్పాక వీధి మొత్తం కళ్ళు మాకు కలిసొచ్చాయి.

ఇంకొకటి చెప్పాలి. పేర్లు మరిచిపోయినా చేతులు పని మరిచిపోవు అని పాఠంలో ఉంది. అటక మీంచి ఆవిడ పాత బుట్ట దింపి కొంచెం పత్తి, ఆ చేప దవడ ఎముక చేతికిచ్చాను. నన్ను ఎవులివే నువ్వు అని అడిగిన మనిషి, ఆ ఎముక రెండు వేళ్ళ మధ్య పట్టుకుని గింజ పక్కనున్న పత్తిని ఎంత ఒద్దికగా దువ్విందంటే, నేను పొయ్యి మీద పాలు మరిచిపోయాను. నేను దువ్వబోతే చేతి మీద ఒక్కటిచ్చి, "అలా కాదే గుంటా, ఇలా" అని చూపించింది. ఆ ఎముకకి పళ్ళు పదునుగా ఉంటాయి, పక్కన మనిషి ఉండాలి. అయినా మధ్యాహ్నం ఒక గంట, ఒక్కోసారి రెండు గంటలు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. మీ ఇంట్లో పెద్దాయన రైతయితే వేరుశనగ కాయలు ఒలవమనండి, కొట్టు నడిపిన మనిషయితే చిల్లర నాణేలు వేరుచేయమనండి.

ఇక్కడిదాకా నేర్చుకోవడం. ఇదంతా వచ్చాక కూడా నాకు బీపీ వచ్చింది, నడుం పడిపోయింది. ఒక రాత్రి అత్తయ్య గంట గంటకీ లేస్తుంటే, దిండు తీసుకుని గోడకేసి కొట్టాను, నా చేతులు చూసి నాకే భయమేసింది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఫోన్లో ఉంది, మా ఆశా కార్యకర్త ఇచ్చింది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి ఎత్తినావిడ ఓపిక పట్టమని అనలేదు. ఇవాళ ఎన్ని గంటలు పడుకున్నారు, నిన్న ఎన్ని గంటలు, మీ తరవాత ఇంట్లో ఈ పని తెలిసినవాళ్ళు ఎవరు అని అడిగింది. మూడో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పాఠాల పుస్తకంలో నేను నవ్విన ఆ మూడో భాగం ఎందుకు పెట్టారో అప్పుడర్థమైంది.

మా ఆడపడుచు చెడ్డ మనిషి కాదు. కానీ ఎప్పుడొచ్చినా అమ్మ బాగానే ఉందిగా, నువ్వే కంగారు పడతావు అనేది. వచ్చినవాళ్ళ ముందు ఒక గంట అత్తయ్య నిజంగానే బాగుంటుంది, కూతుర్ని చూసి నవ్వుతుంది, భోజనం చేసి వెళ్ళమంటుంది. మరిది ఫోన్లో, "వదినా, నెలకి ఐదు వేలు పంపిస్తాను, ఏం కావాలన్నా అడుగు" అనేవాడు. నేనొక పని చేశాను. పిల్లల నోటుబుక్కులో తెల్లవారుజాము నుంచి తెల్లవారుజాము దాకా గంట గంటకీ ఏం జరిగిందో వారం పాటు రాశాను. పక్క మార్చడం, దుప్పటి ఉతకడం, ఎన్నిసార్లు లేచింది, ఎన్నిసార్లు అదే ప్రశ్న. వ్యాఖ్యానం లేదు, కష్టం అన్న మాట లేదు. పండక్కి అందరూ వచ్చినప్పుడు మా ఆయన్నే చదవమన్నాను. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. తరవాత మా ఆడపడుచు వదినతో, ఈ రెండు రాత్రులు మీరు అమ్మ పక్కన పడుకోండి, నేను మేడ మీద పడుకుంటాను అన్నాను. మొదటి రాత్రి గడిచాక పొద్దున్నే వదిన మొహం చూసి నేనేమీ అడగలేదు. "ఇన్నాళ్ళూ ఎలా నెగ్గుకొచ్చావే" అంది, అంతే.

వంతులు అప్పుడు పడ్డాయి. మరిది పంపే డబ్బుతో మా వీధిలో ఒకావిడని పొద్దున పూట పెట్టుకున్నాం, స్నానం, టిఫిను ఆవిడ చూస్తుంది, ఎలా చెయ్యాలో నేను దగ్గరుండి నేర్పాను. మా ఆయనకి రాత్రి షిఫ్టు లేని వారాల్లో తల్లి పక్కన పడుకునేది ఆయనే. కొడుకు తల్లికి దుప్పటి మార్చకూడదని ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు, మా వైపు చుట్టాలు మాత్రం ఇంకా గుసగుసలాడుకుంటారు. వదిన నెలకోసారి వచ్చి రెండు రోజులుంటుంది. మరిది పని కాగితాలు. ఏదీ సరిగ్గా కొలిచి పంచుకున్న వంతు కాదు, మధ్యలో ఎగ్గొట్టడాలు ఉన్నాయి, ఒకసారి పెద్ద గొడవే అయింది. అయినా నేను నిద్రపోతున్నాను.

కాగితాల గురించి కొంచెం. అత్తయ్యకి ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 వస్తుంది, ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికే తెస్తారు. వేలిముద్ర వేయించబోతే ఆస్తి రాయించుకుంటున్నారని చెయ్యి లాక్కుంటుంది. అందుకని వాళ్ళని పొద్దున టిఫినయ్యాక రమ్మని అడిగాం, ముందు నేను వేలు పెట్టి చూపిస్తే తరవాత ఆవిడ పెడుతుంది. బ్యాంకు సంగతి మాత్రం ముందే చూసుకోండి. జబ్బు తొలిదశలో, మనిషికి ఇంకా విషయం అర్థమవుతున్నప్పుడే ఖాతాని ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటుగా మార్చుకోవాలి, నామినీ పేరు పెట్టుకోవాలి, వీలునామా రాయాలనుకుంటే అప్పుడే రాయించాలి. జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి రాసిచ్చే పత్రం) ఉందిలే అని ధీమాగా ఉండేవాళ్ళు చాలామంది. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే మన చట్టం ప్రకారం ఆ అధికారం నిలవదు. ఆ తరవాత ఆస్తి విషయంలో సంరక్షకులుగా గుర్తింపు కావాలంటే కోర్టు దాకా వెళ్ళాల్సిందే. మాకు దూరపు చుట్టం ఒకాయన అత్తయ్య వేలిముద్ర తీసుకుని పొలం పని చక్కబెట్టేద్దాం అని సలహా ఇచ్చాడు. మరిది ఒక్కమాటలో వద్దన్నాడు, ఆ విషయంలో అతనికి నా దండం. పని చేయలేని స్థితికి వచ్చాక వికలాంగుల ధ్రువపత్రానికి కూడా అడగొచ్చు, డిమెన్షియాకి లెక్క కట్టే కొలమానం ఉంది, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ధ్రువపత్రం పనికొస్తుంది. ఆ పరీక్షకి మా స్లాటు ఇంకా రాలేదు. పెద్దవాళ్ళకి సంబంధించి ఏ సమాచారం కావాలన్నా ఎల్డర్ లైన్ 14567 ఉంది, అది పగటిపూటే.

నాకు ఒక్కటే మంట. ఆసుపత్రి చీటీ మీద రోగి పేరు, వయసు, ఊరు ఉంటాయి, చూసుకునే మనిషి గురించి ఒక్క గడి ఉండదు. ఆవిడ నిద్రపోతోందా, ఆవిడకి బీపీ ఎంత అని రాసుకునే చోటు లేదు. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ సంఘం ఒకటుంది, ఆ రాష్ట్రంలో ఇలాంటివాళ్ళని పగలంతా ఉంచుకుని సాయంత్రం ఇంటికి పంపే కేంద్రాలు కూడా ఉన్నాయట. అంగన్‌వాడీకి గది దొరికిన ప్రతి ఊళ్ళోనూ ముసలివాళ్ళకో గది దొరక్కపోదు. మండలానికి ఒకటి పెట్టినా మాలాంటి కోడళ్ళు సగం బతుకుతారు.

అది వచ్చేలోగా మాకు మేమే ఉన్నాం. విశాఖ ఓపీ లైనులో పరిచయమైన చీపురుపల్లి ఆవిడ, ఆవిడ భర్తకి ఈ జబ్బే. ఆవిడ ద్వారా నెల్లిమర్ల నుంచి ఒకబ్బాయి, తల్లిని ఒక్కడే చూసుకుంటున్నాడు. ముగ్గురం వాట్సాప్‌లో మాట్లాడుకుంటాం, ఎక్కువగా రాత్రి పదకొండు దాటాక. ఇప్పుడు అత్తయ్యకి మింగడం కష్టమవుతోంది, నీళ్ళు తాగితే పొలమారుతోంది. మంచం మీద పడుకోబెట్టి తాగించకండి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి చెంచాతో ఇవ్వండి, పల్చటి నీళ్ళకంటే చిక్కటి అంబలి సులువుగా దిగుతుంది అని ఆ అబ్బాయే చెప్పాడు. డాక్టరుగారిని అడిగితే అవునన్నారు, దగ్గు, జ్వరం వస్తే మాత్రం ఆగకుండా తీసుకురమ్మన్నారు.

వచ్చే నెల వదిన వారం రోజులు ఉండటానికి ఒప్పుకుంది. నేను టెక్కలి, మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మాత్రల వేళలు, గొళ్ళేల సంగతి, అంబలి ఎంత చిక్కగా ఉండాలో అన్నీ రాసి ఫ్రిజ్‌కి అంటించాను. గిల్టు కమ్మలు ఇంకో జత కూడా కొనిపెట్టాను.